పాత చీర లిచ్చినంతనే చాలునా?

మన యిండ్లలో దానధర్మములకు కొదువ లేదు. సంక్రాంతికి పాత చీరలు, కార్తికమున బియ్యము, పిల్లల పుట్టినరోజున అనాథాశ్రమమునకు ఒక పూట భోజనము, ఇట్లు ప్రతి గృహిణియు తనకు తోచినంత ఇచ్చుచునే యున్నది. ఇప్పుడు చేతిలోని ఫోనునుండియే ఏ మూలనున్న సంస్థకైనను డబ్బు పంపుటకు వీలు కలిగినది. ఇందు తప్పుపట్టవలసిన దేమియు లేదు. కాని ఇచ్చుట వేరు, తోడు నిలుచుట వేరు అని మాకు తెలియవచ్చినది పుస్తకములవలన గాదు, మా పెరటిలోని సెప్టిక్ ట్యాంకువలన. ఆ సంగతి చెప్పుటకు మాకు కొంత సంకోచముగనే యున్నది. అందు మా తప్పే యెక్కువ. అయినను సోదరీమణులకు ఉపయోగపడునను తలంపుతో వ్రాయుచున్నాము.

మూడేండ్ల క్రిందట వానకాలమున మా యింటి ట్యాంకు నిండి, స్నానాలగదిలోనికి మురుగునీరు ఎదురుతన్న సాగెను. ఇంటినిండ చుట్టములు, మగవారు ఊర లేరు. ఎవరినో యడుగగా ఎవరో పంపిన మేస్త్రి యొకడు ఇద్దరు కుర్రవాండ్రను వెంటబెట్టుకొని వచ్చి, "మునిసిపాలిటీ బండి రావాలంటే నాలుగు రోజులు పడుతుందమ్మా. మావాడు దిగితే రెండు గంటల్లో పని అయిపోతుంది. మూడువేలు ఇప్పించండి" అనెను. మేము బేరమాడి రెండువేల అయిదువందలకు ఒప్పించితిమి. ఆ బేరము తలపునకు వచ్చినప్పుడెల్ల ఇప్పటికిని మాకు తల వంగిపోవును. కుర్రవాడు చొక్కా విప్పి, నడుమునకు త్రాడు కట్టుకొని, గడ్డపారతో మూతరాతిని పెకలించుచుండగా, మా వీధి యూడ్చు నామె చీపురు చేతబట్టుకొని పెరటి గుమ్మమునుండి కేక వేసినది.

"దింపకండమ్మా! వాణ్ణి దింపకండి!"

పదకొండేండ్లుగా ఆమె మా వీధి నూడ్చుచున్నది. ఆమె మా గడప లోనికి వచ్చి యెరుగదు; మేమును రమ్మని యెరుగము. ఆ దినమున ఎవరి యనుమతికిని ఎదురుచూడక పెరటిలోనికి వచ్చి, కుర్రవాని చేతిలోని గడ్డపారను లాగికొని, "మా తమ్ముడు ఇలాగే దిగాడమ్మా. వాణ్ణి లాగుదామని ఇంకొకడు దిగాడు. ఇద్దరూ పైకి రాలేదు" అన్నది. మేస్త్రి ఆమెను కసరికొనెను. మేము రాతిబొమ్మవలె నిలిచిపోతిమి. కడకు మా అత్తగారు మంచముమీదినుండియే, "ఎవ్వరూ దిగొద్దు. బండినే పిలవండి. నాలుగు రోజులు పక్కింట్లో స్నానాలు చేస్తే మునిగిపోయిందేమీ లేదు" అనిరి. ఆ మాట మా నోటినుండి రావలసినది, రాలేదు.

నాలుగు దినములు పట్టలేదు. మరునాటి యుదయముననే బండి వచ్చినది. లావుపాటి గొట్టము నొకదానిని లోనికి విడిచి, ముప్పావుగంటలో అంతయు తోడివేసి పోయిరి. లోనికి దిగినవారు లేరు.

ఆ ట్యాంకులో నేమి యుండునో మనలో పెక్కుమందికి తెలియదు. మలినము గాలి చొరని చోట కుళ్లినపుడు హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను అను వాయువులు పుట్టును. వీనిలో మొదటిది మిక్కిలి విషము. అది గాలికంటె బరువైనది గావున అడుగున పేరుకొని యుండును. కొద్దిగా నున్నపుడు కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టును. ఎక్కువైనపుడో, వాసన పట్టు శక్తినే చంపివేయును. అందుచేత "వాసన లేదు, దిగవచ్చును" అనుకొనుట మహాప్రమాదము. దిగినవాడు రెండు మూడు ఊపిరులలో సొమ్మసిల్లి పడిపోవును. పైనున్నవాడు తోటివానిని రక్షింప దిగును. వానికిని అదే గతి. వార్తాపత్రికలలో ఇట్టి చావులు ఒంటిగా గాక రెండు మూడుగా కనబడుటకు కారణ మిదియే. 2015 నవంబరులో కేరళమందలి కోళిక్కోడు నగరమున భూగర్భపు మురుగుకాలువలో దిగిన ఇద్దరు ఆంధ్ర కూలీలు ఊపిరాడక పడిపోగా, దగ్గరనే యున్న ఆటో డ్రైవరొకడు వారి నెరుగకున్నను లోనికి దుమికి, వారితోపాటు తానును ప్రాణములు విడిచెను. ఆ మహనీయుని త్యాగమునకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని ఆ యిద్దరు కూలీలను లోనికి దింపకున్నచో ఆ త్యాగమున కవసరమే లేకపోయెడిది.

చట్టము సంగతియు గృహిణులు తెలిసికొనదగినది. 2013లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి, రక్షణసామగ్రియు జాగ్రత్తలును లేకుండ మురుగుకాలువలను గాని సెప్టిక్ ట్యాంకులను గాని శుభ్రముచేయుటకు ఎవ్వరును ఎవ్వరినిగాని నియమింపరాదు. ఎవ్వరు ననగా మునిసిపాలిటీ మాత్రమే గాదు, కంట్రాక్టరు మాత్రమే గాదు. ఇంటి యజమానురాలును అందు చేరును. తానుగా పిలిచినను, మధ్యవర్తిచేత పిలిపించినను ఒక్కటియే. మొదటి తప్పునకు రెండేండ్లవరకు జైలుగాని, రెండు లక్షల రూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మేము ఆ దినమున రెండున్నరవేలకు బేరమాడినది సరిగా ఈ నేరమునకే.

ఇక చేయవలసిన పని యెంత సులభమో చూడుడు. ట్యాంకు ఎదురుతన్నువరకు ఊరకుండక, రెండు మూడేండ్ల కొకసారి యంత్రముతో తోడించుచుండవలెను. ఏండ్ల తరబడి విడిచిపెట్టినచో అడుగున మడ్డి గట్టిపడి గొట్టమునకు లొంగదు; అప్పుడే మనిషిని దింపుదమను దుర్బుద్ధి పుట్టును. మూతమీద పలకలు పరచి, తులసికోట కట్టి మూసివేయరాదు. యంత్రపు బండికై మునిసిపాలిటీవారి నడుగవలెను. పెక్కు నగరములలో 14420 అను సంఖ్యకు ఫోను చేసిన చాలును. ఇరుకు సందులలో పెద్ద బండి పట్టదను సాకు కొన్నిచోట్ల ఇంకను వినబడును గాని, హైదరాబాదులో 2017నుండియే సందులలో దూరగల చిన్న యంత్రములు పని చేయుచున్నవి. ఇరుగుపొరుగు నలుగురు కలిసి యడిగినచో మన యూరికిని తెప్పింపలేక పోము.

ఇంతకును, ఆ గోతిలో దిగువాడు ఎల్లప్పుడును ఆ నాలుగు వాడలనుండియే వచ్చుట యేల? బీదవారు అన్ని కులములలోను గలరు గదా! ఈ ప్రశ్న వేసికొనకుండ చేయు దానమంతయు పైపూతయే.

మా అమ్మమ్మగారి యింట పెరటి గోడకు వెనుకసందు వైపున మోకాలెత్తు తలుపొకటి యుండెడిది. అది పాకీదొడ్డి తలుపు. తెల్లవారకముందే ఒక స్త్రీ తట్టయు, రేకుముక్కయు, చీపురును పట్టుకొని ఆ సందున వచ్చి, ఇంటివారి మలమును ఎత్తుకొని తలమీద పెట్టుకొని పోయెడిది. ఆమె మొగము మేము చూడలేదు. చూడకుండుటకే ఆ సందు. పండుగనాడు మిగిలిన పిండివంటలను దూరమునుండి ఆమె కొంగులో పడవేసెడివారు. అదియు దానమే యనిపించుకొనెను! ఆ పనివారిలో ఆడువారే యధికము. మన తెలుగువారు ఈ పనిని పరదేశములకును మోసికొని పోయిరి. రంగూను వీధులను శుభ్రపరచిన వారిలో తెలుగు కూలీలు పెక్కురు. నేటికిని చెన్నపట్టణమున పారిశుద్ధ్యపు పనివారిలో ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు విస్తారముగా గలవు. విశాఖ, శ్రీకాకుళముల వైపు రెల్లివారిని తరతరములుగా ఈ పనికే కట్టివేసినారు.

కర్ణాటకమందలి కోలారు బంగారుగనులలో అట్టి తెలుగు కుటుంబమొకటి గనికూలీల మరుగుదొడ్లను శుభ్రపరచి జీవించుచుండెను. ఆ యింట 1966లో పుట్టినవారు బెజవాడ విల్సన్. తనవారు చేతులతో చేయు పనిని కన్నులార చూచి, ఇది బీదరికము మాత్రమే గాదు, కులముచే విధింపబడిన శిక్ష యని గ్రహించి, 1990 దశాబ్దమున సఫాయి కర్మచారి ఆందోళన్ అను సంస్థను తోటివారితో కలిసి స్థాపించిరి. 1993లో పొడిమరుగుదొడ్లను నిషేధించుచు చట్టమొకటి వచ్చియుండెను గాని అది కాగితముమీదనే నిలిచియుండెను. ప్రభుత్వములు "మా రాష్ట్రమున ఆ పనియే లేదు" అని వ్రాసి యిచ్చుచుండగా, ఈ సంస్థవారు ఊరూర తిరిగి, ఏ యింట ఏ స్త్రీ తట్ట మోయుచున్నదో ఛాయాచిత్రములతో సహా సేకరించి, 2003లో సుప్రీముకోర్టు గడప నెక్కిరి. 2014 మార్చి 27న తీర్పు వచ్చినది. 1993నుండి మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు పదేసి లక్షల రూపాయలు ఇయ్యవలెనని కోర్టువారు శాసించిరి. 2023 అక్టోబరులో ఆ మొత్తము 30 లక్షలకు పెరిగినది. విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే బహుమాన మీయబడెను.

ఆ సంస్థవెనుక పెద్దదిక్కుగా నిలిచిన మరియొకరిని ఇచ్చట స్మరింపవలెను. వారు ఎస్.ఆర్. శంకరన్ గారు. ఆంధ్రప్రదేశమున ఐ.ఏ.ఎస్. అధికారిగా వెట్టిచాకిరి నిర్మూలనమునకు పాటుపడినవారు, బ్రహ్మచారి, తన ఆదాయములో పెద్దభాగమును దళిత విద్యార్థుల చదువులకు ధారపోసినవారు, పద్మభూషణము నిచ్చినను వలదన్నవారు. ఉద్యోగవిరమణానంతరము, 2010లో మరణించువరకు, ఈ పనివారి యుద్యమమునకు తోడైరి. అంత పెద్ద యధికారి యయ్యును ఉద్యమమునకు తానే ముఖమని యెన్నడును అనుకొనలేదు. విల్సన్ గారును, ఆ స్త్రీలును ముందు నడువగా తాము వెనుక నడిచిరి. చట్టపు చిక్కులు, ప్రభుత్వపు కాగితముల నడక వారికి తెలియును. ఆ తెలివినే తెచ్చి యిచ్చిరి. మనకు గలదానిలో వారికి పనికివచ్చున దేదో తెలిసికొని దానిని ఇచ్చుట యన్నచో ఇదియే గదా! ఒక్కొక్కసారి అది డబ్బు, ఒక్కొక్కసారి గాదు.

మాకు ఆ సంగతి తెలిసినది మరుసటి సంక్రాంతికి. మా పెరటిలో జరిగినదానికి కృతజ్ఞతగా వీధి యూడ్చు నామెకు పాతది గాక క్రొత్త నేతచీర కొని యిచ్చితిమి. ఆమె అందుకొని, మడత విప్పక చంకను పెట్టుకొని, కొంతసేపు అట్లే నిలిచినది. పిమ్మట, "చీరలు చాలామంది ఇస్తారమ్మా. మా మరదలికి ఒక కాగితం రాసిపెడతారా?" అని యడిగినది.

ఆమె తమ్ముడు పోయి అప్పటికి పదేండ్లు దాటినది. నష్టపరిహారము వచ్చునని వాడలో ఎవరో చెప్పగా మరదలు రెండుసార్లు కార్యాలయమునకు పోయి, ఏ బల్లయొద్దకు పోవలెనో తెలియక తిరిగివచ్చినదట. మేము వెంటనే ఒప్పుకొంటిమి. ఒప్పుకొనుటయే గాదు, ఆ యుత్సాహమున ఒక తప్పును చేసితిమి. ఆమె చెప్పినది సగము విని, మాకు వచ్చిన చక్కని భాషలో రెండుపుటల అర్జీ వ్రాసి, ఆమెను వెంటబెట్టుకొని పోతిమి. గుమాస్తా మమ్ము చూచి కుర్చీ వేయించెను, ఆమెకు వేయింపలేదు. మేము కూర్చుంటిమి. అతడు ఆమెను గూర్చి ప్రశ్నలు మమ్మడిగెను; మేము జవాబులు చెప్పితిమి. ఆమె గోడ నానుకొని నిలిచియుండెను. చనిపోయినది ఎచ్చటనని అడిగిన మేము "మురుగుకాలువలో" నంటిమి, అట్లే నమోదయ్యెను. బయటికి వచ్చిన తరువాత ఆమె మెల్లగా, "కాలవ కాదమ్మా. ఇంటి ట్యాంకు. మేడ ఇంటివాళ్ళది" అన్నది. అక్కడనే యేల చెప్పలేదంటిమి. "మీరు మాట్లాడుతున్నారు గదా" అన్నది.

ఆ యొక్క మాట దిద్దించుటకు నాలుగు నెలలు పట్టినది.

ఆమెకు చదువు రాదు. కాని తేదీ, వారము, దిగిన వేళ, పిలిచిన మేస్త్రి పేరు, ఆ యింటి గుర్తు, ఆస్పత్రిలో ఎవరు సంతకము పెట్టించుకొన్నదియు సర్వమును ఆమెకు కంఠస్థము. రెండవమారు పోయినపుడు మేము మొదట ఆమెకు కుర్చీ యడిగితిమి. ఆమె చెప్పెను; మేము వారిచ్చిన కాగితములను పైకి చదివి వినిపించితిమి, అంతే. గుమాస్తా మావైపు తిరిగినప్పుడెల్ల మేము ఆమెవైపు తిరుగుచుంటిమి. మొదట అతనికి విసుగు కలిగెను. పిమ్మట ఆమెతోనే మాటలాడుటకు అలవాటుపడెను. నోరుగల యాడుదానికి ఊరకుండుట యెంత కష్టమో మాకు ఆనాడు తెలిసినది.

అయినను చిక్కు తీరలేదు. ఆ మేడ యింటివారు నాడు ఇరువదివేలు చేతబెట్టి తెల్లకాగితముమీద వేలిముద్ర వేయించుకొనిరి. పోలీసు ఫిర్యాదు లేదు. ఆస్పత్రి కాగితములో "ఊపిరాడక" అని మాత్రమే యున్నది. ఎచ్చట ఊపిరాడలేదో లేదు. ఇట్టిచోట మా చదువు కొరగాలేదు. ఈ పనివారి కుటుంబములవారే నడుపుకొను నొక సంఘమునుండి ఇద్దరు యువతులు వచ్చిరి. ఆనాటి జిల్లా పత్రికలోని వార్తముక్క, నాడు పైకి లాగిన యిరుగుపొరుగువారి వాఙ్మూలములు, రెండవ మృతుని యింటివారియొద్ద మిగిలిన కాగితములు, ఒక్కొక్కటిగా కూర్చిరి. మేము ఆరునెలలలో చేయలేని పనిని వారు పండ్రెండు దినములలో చేసిరి. వారి దారిఖర్చులు, ప్రతులు తీయించు ఖర్చు, వకీలు రుసుము ఎవరిస్తారని మేము అడిగితిమి. "ఎవరైనా ఇస్తే ఉంటాయి, లేకపోతే మేమే వేసుకుంటాం" అన్నారు. అప్పటినుండి మేము పుట్టినరోజు భోజనమునకై ఉంచు డబ్బులో సగమును నెలనెలా వారికి పంపుచున్నాము.

ఇట్టి సంస్థలకు ధనమిచ్చుటలో మాకు తెలియవచ్చిన రెండు మూడు సంగతులను చెప్పెదము. మొదటిది, ఎవరికొరకు పనిచేయుచున్నారో వారు ఆ సంస్థ నిర్ణయములలో నున్నారా యని చూడవలెను. కార్యవర్గమున అందరును పెద్దమనుష్యులే యుండి, బీదవారు ఛాయాచిత్రములలో మాత్రమే కనబడుచుండిన మనము కొంత ఆలోచింపవలసినదే. చీపురు పట్టుకొన్న స్త్రీ కన్నీరు కార్చుచున్న బొమ్మను వేసి చందాలడుగువారిని మేము నమ్మము. ఆమె యనుమతి తీసికొనిరా? మన బొమ్మ నట్లు వేసిన ఓర్చుకొందుమా? రెండవది, లెక్కలు. నమోదైన సంస్థ లెక్కలను ఆడిట్ చేయించును, అడిగినచో చూపును. పన్ను మినహాయింపు కోరువారు రశీదును తప్పక తీసికొనవలెను. రెండువేలకు మించి రొక్కముగా నిచ్చినచో ఆ మినహాయింపు రాదు. అయితే, "ఆఫీసు ఖర్చులకు పైసాకూడ వాడరాదు" అని కొందరు సోదరీమణులు నిబంధనలు పెట్టుట మేము విన్నాము. బస్సు కూలి, ఫోను ఖర్చు, ఆ యువతుల జీతము, ఇవియే అచ్చట అసలు పని. వంటకు కట్టెలు వలదని బియ్యము మాత్రమే యిచ్చినట్లుండును. ఏడాదికొకసారి అయిదువేలు పంపుటకంటె నెలకు నాలుగువందలు తప్పక పంపుట వారికెక్కువ మేలు. వచ్చునెల ఇంత వచ్చునని తెలిసియుండిననే ఎవరైనను పని పెట్టుకొనగలరు. మూడవది, అడుగకుండ వస్తువులు పంపరాదు. చినిగిన జాకెట్లు, జిప్పు ఊడిన సంచులు మన అలమర ఖాళీ చేయుటకు పనికివచ్చును గాని వారి కక్కరకు రావు.

కేవలము దానముమీద నాధారపడక తమ కాళ్లమీద నిలిచిన సంఘములును గలవు. పూనా నగరమున చెత్త యేరుకొని జీవించువారు, అందును స్త్రీలు, 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అను సంఘముగా నేర్పడిరి. ఆ సంఘమునుండియే 2008లో స్వచ్ఛ్ అను సహకార సంస్థ పుట్టి, నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొని, ఇంటింటికి పోయి చెత్త తీసికొనుచు ఇంటివారినుండి రుసుము పొందుచున్నది. నిన్న కుప్పలలో ఏరుకొన్నవారే నేడు గుర్తింపుకార్డుతో గుమ్మమునకు వచ్చు పనివారైరి. అట్టివారికి మనమీయవలసినది భిక్షము గాదు. నెల మొదటివారమున, అడిగించుకొనకుండ, పూర్తి రుసుము.

ఆ పూనా స్త్రీలు మనబోంట్లకు ఇంకొక పాఠమును చెప్పిరి. అది కొంచెము గోప్యముగా చెప్పవలసినదే గాని ఆడువారి పత్రికలో చెప్పకున్న ఇంకెచ్చట చెప్పుదుము? ఋతుదినములలో వాడిన ప్యాడ్లను మనము చెత్తబుట్టలో విసరివేయుదుము. అవి పోయి పడునది ఒక స్త్రీ చేతులలో. ఆమె చెత్తను వేరుచేయుచు విప్పని పొట్లమును విప్పి చూడవలసివచ్చును. మన రక్తము ఆమె గోళ్లలో చేరును. ఆ చేతులతోనే ఆమె మధ్యాహ్నము ముద్ద తినవలెను. అందుచేత ప్యాడును వార్తాపత్రికలో చుట్టి, పైన ఎఱ్ఱని చుక్క పెట్టి విడిగా ఇండని వారు 2017లో ఇంటింట ప్రచారము చేసిరి. ఎఱ్ఱచుక్క చూచిన ఆమె దానిని విప్పదు. మేము మా యింట ఒక ఎఱ్ఱసిరా కలమును స్నానాలగదిలో మేకునకు వ్రేలాడదీసినాము. మొదట పిల్లలు సిగ్గుపడిరి; ఇప్పుడు కలము కనబడకున్న వారే కేకలు వేయుదురు. పగిలిన గాజు, బ్లేడు, వాడిన సూదులు సయితము ఇట్లే మందముగా చుట్టి గుర్తు పెట్టవలెను. తడిచెత్త పొడిచెత్త వేరుచేయుట అందరికిని తెలిసినదే. తెలిసియు చేయనివారి నింక మేము చెప్పి మార్చలేము.

ఇక ఆ వేరు గ్లాసు. పెరటి చూరులో దోపిన స్టీలు గ్లాసును గూర్చి మేము వ్రాయనక్కరలేదు. ఏ యింట నున్నదో ఆ యింటివారికి తెలియును. మా యింటను ఉండెడిది. మా అత్తగారి కాలపు అలవాటని చాలకాలము వారిమీద పెట్టి తప్పించుకొంటిమి. బండినే పిలువుడని నాడు చెప్పినది ఆ అత్తగారే! సంక్రాంతి తరువాత ఒకనాడు మేము ఆ గ్లాసును తీసి పాతసామానుల వానికి వేసితిమి. వారు చూచిరి, ఏమియు ననలేదు. వీధి యూడ్చు నామె యిప్పుడు ఎండవేళ వసారాలో కూర్చుండి మజ్జిగ త్రాగును. పొరుగింటి యొక యమ్మగారు మా యింట మంచినీరు పుచ్చుకొనుట మానిరి. ఆమెతో మేము తగవులాడలేదు. పేరంటమునకు పిలుచుట మానలేదు. కాని ఆమె వచ్చినపుడు ఆ మజ్జిగ వసారానుండి పెరటిలోనికి పోలేదు. ఒకసారి, "మీరు మరీ నెత్తినెక్కించుకుంటున్నారు" అని పదిమందిలో అన్నప్పుడు, నవ్వి యూరకుండక, "పదకొండేళ్ళు గడప దాటనివ్వలేదు వదినగారూ, నెత్తిదాకా ఎక్కడ వచ్చింది?" అని మాత్రమంటిమి. ఆ మాటకు వీధి యూడ్చు నామె అచ్చట లేదు. ఆమె లేనిచోట అనుటయే యవసరమని మాకు తోచినది.

అర్జీ ఇంకను తేలలేదు. జిల్లా కార్యాలయమువారు ఈ నెల మూడవ వారమున మరల రమ్మనిరి. సంఘపు యువతులలో నొకరు వకీలుతోకూడ వచ్చెదరు. మరదలికి ఆ దినపు కూలి పోవును. మొదటి రెండుసార్లును ఆ కూలి సంగతి మాకు తోచనే లేదు, ఆమెయు చెప్పలేదు. ఈసారి సంఘమువారు ఆ మొత్తమును తమ ఖర్చులలో చేర్చిరి. కాగితముల సంచి ఆమెయొద్దనే యున్నది. మేము ఉదయము ఏడుంబావుకు బస్సునొద్ద కలిసికొందుము.